గాలి లెక్క ఒకచోట - దగ్గు లెక్క మరోచోట!

జ్యోతినగర్: తెల్లవారుజామున వాకిలి ఊడ్చే ఇల్లాలికి రామగుండం గాలి సంగతి ఏ యంత్రమూ చెప్పనక్కరలేదు. చీపురుకు తగిలే దుమ్ము రంగే చెబుతుంది. నల్లగా ఉంటే బొగ్గు పొడి, తెల్లగా ఉంటే బూడిద, ఎర్రగా ఉంటే లారీలు లేపిన మట్టి. రాత్రి తుడిచిన అరుగు మీద పొద్దున వేలితో గీస్తే గీత పడుతుంది. దండెం మీద ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి తెల్లగా ఉండదు. ఇవన్నీ ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతులే.

తెలియనిది ఒక్కటే. అరుగు మీద ఇంత పడితే ఆ ఇంటి మనుషుల ఊపిరితిత్తుల్లో ఎంత పడింది? దానివల్ల ఎవరికి ఏ జబ్బు వచ్చింది? ఎందరి ఆయుష్షు ఎంత తరిగింది?

గాలిని కొలిచే వారు గాలిని కొలుస్తున్నారు. రోగులను చూసే వారు రోగులను చూస్తున్నారు. గాలి లెక్క కాలుష్య నియంత్రణ మండలి కాగితాల్లో, దగ్గు లెక్క ఆస్పత్రి ఓపీ రిజిస్టరులో, చావు లెక్క పంచాయతీ కార్యదర్శి బీరువాలో ఉంటున్నాయి. ఈ మూడూ ఒక్క బల్ల మీదికి వస్తే తప్ప అసలు విషయం తేలదు. మూడింటినీ కలిపి చూడాలని, చూసినది జనానికి చెప్పాలని పట్టుబట్టవలసిన సమయం ఇది.

వెలుగు దేశానికి - బూడిద ఊరికి

ఈ నేల కింద బొగ్గు ఉన్నది కనుకనే ఇన్ని పరిశ్రమలు ఇక్కడికి వచ్చాయి. సింగరేణి గనులతో గోదావరిఖని పట్టణమైంది. 1971లో 62.5 మెగావాట్ల రామగుండం-బి విద్యుత్కేంద్రం వచ్చింది. 1978 నవంబరులో అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ ఎన్టీపీసీ సూపర్ థర్మల్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 1983లో మొదటి 200 మెగావాట్ల యంత్రం తిరిగింది. యంత్రం తర్వాత యంత్రం చేరి 2004 నాటికి ఆ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లయింది. అందులో పనిచేసే వారి కోసం కట్టిన ఊరే జ్యోతినగర్.

రాష్ట్ర విభజన చట్టంలో ఇచ్చిన 4,000 మెగావాట్ల హామీలో భాగంగా తెలంగాణ ప్రాజెక్టు పేరుతో 2023, 2024 సంవత్సరాల్లో మరో రెండు 800 మెగావాట్ల యంత్రాలు ఇక్కడే మొదలయ్యాయి. రెండో దశలో ఇంకో మూడు 800 మెగావాట్ల యంత్రాల ప్రతిపాదన ఉంది. వీటికి తోడు ఓపెన్ కాస్టు గనులు, వాటి పక్కన గుట్టల్లా లేచిన మట్టి కుప్పలు, బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ, రాత్రింబవళ్లు తిరిగే బొగ్గు లారీలు, బూడిద లారీలు. 1980లో బొగ్గుతో ఎరువు తయారు చేయడం మొదలుపెట్టిన ఎఫ్‌సీఐ కర్మాగారం 1999లో మూతపడగా, అదే స్థలంలో గ్యాస్‌తో నడిచే ఆర్‌ఎఫ్‌సీఎల్ 2021లో ఉత్పత్తి ప్రారంభించింది.

రైతుకు అర్థమయ్యే లెక్కలోనే చూద్దాం. మన బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయాలంటే దాదాపు 650 గ్రాముల బొగ్గు మండాలి. 2,600 మెగావాట్ల పాత కేంద్రం ఒక రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే సుమారు 40 వేల టన్నుల బొగ్గు కాలుతుంది. మన బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, బూడిదే. అంటే రోజుకు 13, 14 వేల టన్నుల బూడిద. దీనిలో నూటికి 99 పాళ్లకు మించి చిమ్నీ దాకా పోకుండా కరెంటుతో దుమ్మును పట్టే యంత్రాలు ఆపుతాయి. ఆ యంత్రాలు లేకపోతే ఇక్కడ మనిషి నిలవలేడు. కాని వెయ్యి పాళ్లలో రెండు పాళ్లు తప్పించుకున్నా రోజుకు ఇరవై టన్నులకు మించిన సన్న బూడిద ఆకాశంలోకి పోయినట్లే. ఇది కాగితం మీద వేసిన మోటు లెక్క. ఏ రోజు ఎంత పోయిందన్న అసలు లెక్క చిమ్నీలకు బిగించిన కొలత యంత్రాల్లో ఉంటుంది.

ఆపిన బూడిద ఎక్కడికి పోతుంది? కొంత సిమెంటుకు, ఇటుకలకు, రోడ్లకు పోగా మిగిలినది నీళ్లతో కలిసి కుందనపల్లి దగ్గరి బూడిద చెరువుకు చేరుతుంది. చెరువు తడిగా ఉన్నంత కాలం గొడవ లేదు. చైత్రం వచ్చి, చెరువు ఒడ్డు ఎండి, సుడిగాలి లేస్తే చిమ్నీ ఆపిన బూడిదను గాలి తిరిగి ఊళ్లమీద పోస్తుంది. అన్నం ముందు కూర్చున్నవారు కంచం మీద మూత పెట్టుకోవలసి వస్తుంది.

కంటికి కనబడని దుమ్మే అసలు దుమ్ము

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. కళ్లలో పడిన నలుసు, కంచంలో పడిన బూడిదే అసలు ప్రమాదమని చాలామంది అనుకుంటారు. పెద్ద రేణువును ముక్కు పడుతుంది, గొంతు దగ్గించి బయటికి తోస్తుంది. మనిషి వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉండే సన్న రేణువును ఏదీ ఆపలేదు. మైక్రాన్ల లెక్కలో రెండున్నర, అంతకంటే తక్కువ ఉండే ఈ రేణువులనే శాస్త్రజ్ఞులు పీఎం 2.5 అంటారు. ఇవి ఊపిరితిత్తుల అడుగు దాకా దిగుతాయి. అందులో మరీ సన్నవి రక్తంలో కలుస్తాయి. అందుకే చెడ్డ గాలి జబ్బు ఒక్క దమ్ముతో ఆగదు. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సరు, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు బిడ్డ, వీటన్నిటితోనూ ఈ సన్న దుమ్ముకు సంబంధం ఉన్నదని ప్రపంచమంతటా పరిశోధనలు తేల్చాయి.

చిమ్నీ నుంచి వచ్చే గంధకపు వాయువు సంగతి మరీ చిత్రం. బయటికి వచ్చేటప్పుడు అది వాయువు. గాలిలో కొన్ని గంటలు, రోజులు తిరిగాక అదే సన్న రేణువుగా మారుతుంది. అప్పటికి అది చిమ్నీ నీడ దాటి ఎన్నో మైళ్లు పోయి ఉంటుంది. మన దేశ నిబంధనల ప్రకారం 500 మెగావాట్లు, ఆపై యంత్రాలకు చిమ్నీ 275 మీటర్ల ఎత్తు ఉండాలి. గొట్టం పొడుగైనంత మాత్రాన పొగ మాయం కాదు. పక్కింటికి పోవలసినది పక్క మండలానికి పోతుంది.

కాలాన్ని బట్టి కూడా గాలి మారుతుంది. వానాకాలంలో దుమ్ము కడుక్కుపోతుంది. ఎండాకాలంలో గాలి లేచి బూడిదను, మట్టిని తెస్తుంది. మార్గశిర, పుష్య మాసాల్లో పైన వెచ్చని గాలి మూతలా కప్పుకొని, కింది చల్లగాలి కదలక, బజారులో తగలబెట్టిన చెత్త పొగ, లారీల పొగ, పొయ్యి పొగ ఊరి మీదనే నిలుస్తాయి. కాబట్టి ఏడాదిలో మూడు నెలలు కొలిచి పన్నెండు నెలల సంగతి చెప్పడం సరికాదు. కొత్త ప్రాజెక్టుల పర్యావరణ నివేదికల్లో సాధారణంగా జరిగేది అదే. ఒక సీజను గాలిని కొలిచి, మిగతాది అంచనా కడతారు.

ఒక్కడి దగ్గు సాక్ష్యం కాదు

‘నా దగ్గు ఈ పొగ వల్లనే’ అని ఒక కూలీ అంటే డాక్టరు ఔనని రాసివ్వలేడు. అది డాక్టరు తప్పు కాదు. దగ్గు మీద కారణం రాసి ఉండదు. బీడీ దగ్గు, బూడిద దగ్గు, క్షయ దగ్గు వినడానికి ఒకలాగే ఉంటాయి. అందుకే ఒక్కడి దగ్గును కాక వెయ్యిమంది దగ్గును లెక్కించాలి.

వ్యవసాయాధికారి కొత్త ఎరువు మంచిదా కాదా అని ఎలా తేలుస్తాడు? ఒకే పొలంలో రెండు మళ్లు కడతాడు. ఒకే విత్తనం, ఒకే నీరు. ఒక మడికి ఎరువు వేస్తాడు, రెండో మడికి వేయడు. కోత నాడు రెండు మళ్ల గింజలు తూచి చూస్తాడు. గాలి జబ్బుల లెక్క కూడా ఇంతే. ఒకే వయసు, ఒకే రాబడి, ఒకే అలవాట్లు గల వారిని పొగ ఉన్న ఊళ్లో కొందరిని, పొగ లేని ఊళ్లో కొందరిని ఎంచుకుని, ఏళ్ల తరబడి చూడాలి.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు చేసినది ఇదే. ఆరు పట్టణాల్లో 8,111 మంది పెద్దవారిని 14 నుంచి 16 ఏళ్ల పాటు గమనించారు. పొగ తాగే అలవాటు, వయసు, బరువు, చదువు వంటివన్నీ లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, అన్నిటికన్నా మురికి గాలి ఉన్న ఉక్కు పట్టణం స్టూబెన్‌విల్‌లో మరణాల రేటు, శుభ్రమైన గాలి ఉన్న పోర్టేజ్ కంటె 26 శాతం ఎక్కువగా తేలింది. 1993లో ఈ ఫలితం బయటికి రాగానే కంపెనీలు గగ్గోలు పెట్టాయి. లెక్కలు మళ్లీ వేయించారు. మళ్లీ అదే తేలింది. ఆ దేశంలో సన్న దుమ్ముకు పరిమితి పెట్టడానికి ఆధారమైన పరిశోధనల్లో ఇది ముఖ్యమైనది.

అదే దేశంలో యూటా లోయలో జరిగిన సంగతి మన ప్రాంతానికి ఇంకా దగ్గర. అక్కడి ఉక్కు మిల్లు కార్మిక వివాదం వల్ల 1986 ఆగస్టు నుంచి 1987 సెప్టెంబరు వరకు మూతపడింది. అక్కడి ఆర్థిక శాస్త్ర అధ్యాపకుడు ఆర్డెన్ పోప్ ఆస్పత్రి రిజిస్టర్లు తెరిచి చూశాడు. మిల్లు నడిచిన చలికాలాల్లో శ్వాస జబ్బులతో ఆస్పత్రిలో చేరిన పిల్లల సంఖ్య, మిల్లు ఆగిన చలికాలం కంటె రెండు మూడు రెట్లు ఉంది. ఆయన కొత్త యంత్రాలు కొనలేదు, ఎవరి రక్తమూ తీయలేదు. ఉన్న రెండు రిజిస్టర్లను పక్కపక్కన పెట్టాడు, అంతే.

మన రిజిస్టర్లు ఏం చెబుతాయి?

అలాంటి సందర్భాలు రామగుండానికి ఎన్నో వచ్చాయి. బొగ్గుతో నడిచిన ఎరువుల కర్మాగారం 1999లో ఆగింది. 2020 వేసవిలో లాక్‌డౌన్ వచ్చి రోడ్ల మీద లారీలు తగ్గాయి. 2024లో పాత 62.5 మెగావాట్ల కేంద్రం శాశ్వతంగా మూతపడింది. ఎన్టీపీసీలో ఏటా ఏదో ఒక యంత్రాన్ని మరమ్మతు కోసం వారాల తరబడి ఆపుతారు. ఈ ఒక్కొక్క సందర్భం గాలి ఎంత మారిందో, ఆస్పత్రి ముందు వరుస ఎంత తగ్గిందో చూసుకోవడానికి ప్రకృతి ఇచ్చిన పరీక్ష.

గోదావరిఖనిలో ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. సింగరేణి ఏరియా ఆస్పత్రి ఉంది. జ్యోతినగర్ టౌన్‌షిప్‌లో ఎన్టీపీసీ ఆస్పత్రి ఉంది. చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. ప్రతిచోటా రోగి పేరు, వయసు, ఊరు, జబ్బు, తేదీ రాస్తారు. ఒకే పట్టణంలో ఇన్ని ఆస్పత్రులు, ఇన్ని రిజిస్టర్లు ఉండడం చాలా జిల్లాలకు లేని సౌకర్యం. వీటిలో పేర్లు తీసేసి, తేదీ, వయసు, ఊరు, జబ్బు మాత్రం రాసుకొని, అదే తేదీల గాలి కొలతల పక్కన పెడితే పని సగం అయినట్లే.

గని కార్మికుల విషయంలో లెక్క కొంత మెరుగు. 1955 గనుల నిబంధనలు కార్మికునికి ఐదేళ్లకోసారి వైద్య పరీక్ష తప్పనిసరి చేశాయి. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, ఊపిరి బలం చూస్తారు. బొగ్గు దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బును చట్టం వృత్తి వ్యాధిగా గుర్తించింది. అది నిర్ధారణ అయిన వాడికి నష్టపరిహారం అడిగే దారి ఉంది. ఎందుకు ఉంది? ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు తీసి, లెక్కలు కట్టారు కనుక. లెక్క ఉన్నచోట హక్కు వచ్చింది.

అదే దుమ్ము గని గేటు దాటి ఇంట్లోకి వస్తే చట్టానికి కనిపించదు. కార్మికుని ఎక్స్‌రే ఆస్పత్రిలో ఉంటుంది. అదే క్వార్టరులో ముప్పయ్యేళ్లు కాపురం చేసిన అతని భార్య ఎక్స్‌రే ఎక్కడా ఉండదు. ఓపెన్ కాస్టు పక్క గుడిసెలో ఉండే కూలీ బిడ్డది, రోజంతా బూడిద లారీ నడిపే డ్రైవరుది, రోడ్లు ఊడ్చే సఫాయి మనిషిది అసలే ఉండదు. ఎక్కువ దుమ్ము మింగే వారి పేర్లే ఏ పుస్తకంలోనూ లేకపోవడం శోచనీయం.

చావు లెక్క కూడా ఇంతే. పల్లెలో ఎవరైనా పోతే పంచాయతీలో నమోదు చేస్తారు. కారణం అనే గడిలో ముసలితనం అనో, గుండె ఆగి అనో రాస్తారు. గుండె ఆగకుండా పోయేవారు ఎవరు? దమ్ముతో పదేళ్లు మంచం పట్టి పోయిన మనిషి కూడా ఆ గడిలో గుండె ఆగిన మనిషే అవుతాడు.

‘పరిమితుల్లోనే ఉంది’ అంటే?

జనం మొర పెట్టుకున్నప్పుడల్లా వినిపించే మాట ఒకటుంది. గాలి నిర్ణీత పరిమితుల్లోనే ఉన్నదని అంటారు. ఆ మాట నిజమే అయిన రోజున కూడా అడగవలసిన ప్రశ్నలు మూడు ఉన్నాయి.

మొదటిది, ఎవరు పెట్టిన పరిమితి? మన దేశంలో 2009 ప్రమాణం ప్రకారం సన్న దుమ్ము ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 40 మైక్రోగ్రాముల వరకు ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 5 మాత్రమే. అంటే మన హద్దుకు ఎనిమిదో వంతు. 39 ఉంటే కాగితం మీద మంచి గాలే. ఊపిరితిత్తులకు ఆ కాగితం తెలియదు.

రెండోది, ఎక్కడ కొలిచారు? చెట్లు పెంచిన కాలనీ నడుమ మేడ మీద పెట్టిన యంత్రం ఒక లెక్క చెబుతుంది. బూడిద చెరువు గట్టు కింది ఊళ్లో, బొగ్గు లారీలు మలుపు తిరిగే చౌరస్తాలో పెడితే మరో లెక్క చెబుతుంది. వానమాపకం చింతచెట్టు కింద పెట్టి వాన తక్కువ పడిందంటే రైతు ఒప్పుకుంటాడా?

మూడోది, సగటు ఎంత కాలానిది? ఏడాది సగటులో వానాకాలం నాలుగు నెలల మంచి గాలి, ఎండాకాలం బూడిద రోజులను కప్పేస్తుంది. దమ్ము రోగి ఆస్పత్రికి పరుగెత్తేది సగటు రోజున కాదు, చెడ్డ రోజున.

లండన్ నగరంలో 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు బొగ్గు పొగ మంచుతో కలిసి కమ్మింది. ఆ పొగ వల్ల నాలుగు వేల మంది చనిపోయారని మొదట లెక్క తేలింది. తర్వాతి రెండు మూడు నెలల్లో కూడా చావులు మామూలుకు మించి కొనసాగితే, అవి ఫ్లూ జ్వరం చావులని అక్కడి ప్రభుత్వం సరిపెట్టింది. యాభై ఏళ్ల తర్వాత పరిశోధకులు ఆ రిజిస్టర్లు మళ్లీ తిరగేసి, మొత్తం చావులు పన్నెండు వేల దాకా ఉంటాయని అంచనా కట్టారు. రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి కనుక యాభై ఏళ్లకైనా నిజం బయటపడింది.

పది లక్షల జనం ఉంటేనే ఊపిరా?

థర్మల్ కేంద్రాల గంధకపు వాయువుకు కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో మొదటిసారి పరిమితి పెట్టింది. రెండేళ్లలో యంత్రాలు బిగించాలన్నారు. గడువు ఒకసారి కాదు, పలుమార్లు పొడిగించారు. చివరికి 2025 జూలై 11న వచ్చిన ఉత్తర్వులో కేంద్రాలను మూడు తరగతులుగా చేసి, పది లక్షలకు మించి జనాభా ఉన్న నగరాలకు, ఢిల్లీ ప్రాంతానికి పది కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి మాత్రం 2027 చివరి గడువు ఉంచారు. మరీ కలుషితమైన ప్రాంతాలుగా గుర్తించిన చోట్ల సంగతి ఒక్కొక్కటిగా చూస్తామన్నారు. మిగిలిన వాటికి, అంటే దేశంలోని థర్మల్ సామర్థ్యంలో నాలుగింట మూడు వంతులకు పైగా, చిమ్నీ ఎత్తు సరిపోతే చాలని మినహాయింపు ఇచ్చారు.

మన బొగ్గులో గంధకం తక్కువని, గాలిలో ఆ వాయువు పరిమితికి లోబడే ఉన్నదని, యంత్రాలకు ఖర్చు ఎక్కువని ప్రభుత్వం చెప్పిన కారణాలు. ఆ కారణాల్లో తర్కం లేకపోలేదు. కాని అది వాయువును గాలిలో కొలిచి చెప్పిన మాట. ఆ వాయువు రేణువుగా మారి జనం రొమ్ముల్లో ఏం చేసిందో కొలిచి చెప్పిన మాట కాదు. రామగుండం జనాభా రెండు లక్షల పైచిలుకు. పది లక్షలు కావాలంటే ఇంకా ఎన్ని తరాలు పట్టాలి? ఊపిరికి జనాభా లెక్క కట్టడం సబబు కాదు. పెద్ద నగరం బిడ్డ ఊపిరితిత్తి, పల్లె బిడ్డ ఊపిరితిత్తి ఒక్క మాంసంతో చేసినవే.

బీడీ, పొయ్యి మాటేమిటి?

మరో వాదన కూడా ఉంది. మన జనం బీడీలు తాగుతారు, ఆడవారు పొయ్యి ముందు కూర్చుంటారు, వారి దగ్గుకు ఫ్యాక్టరీలు ఏం చేస్తాయని కొందరు అడుగుతారు. ఈ మాటలో నిజం ఉంది. దాచవలసిన పని లేదు. దేశంలో చెడ్డ గాలి వల్ల 2019లో 16 లక్షల 70 వేల మంది చనిపోయారని భారత వైద్య పరిశోధన మండలి పాల్గొన్న అధ్యయనం అంచనా వేసింది. అందులో పొయ్యి పొగ వాటా కూడా ఉంది. గోదావరిఖని బస్తీల్లో బొగ్గు పొయ్యి వెలిగించిన ఇళ్లు ఎన్నో. ఈ జిల్లాలో బీడీలు చుట్టే ఆడవారు పొగాకు పొడి మధ్యనే రోజంతా గడుపుతారు.

అందుకే లెక్క కావాలనడం. సరిగా కట్టిన లెక్క బీడీ వాటాను బీడీకి, పొయ్యి వాటాను పొయ్యికి, చెత్త మంట వాటాను మున్సిపాలిటీకి, చిమ్నీ వాటాను చిమ్నీకి పంచుతుంది. లెక్క లేనప్పుడే ఎవరికి వారు ఎదుటివారి మీద వేస్తారు. చిమ్నీ వాటా తక్కువని తేలితే కంపెనీల మీద నింద తొలగుతుంది. ఎక్కువని తేలితే జనం మొరకు బలం వస్తుంది. ఎటు తేలినా నష్టపోయేవారు లేరు.

పరిశ్రమలు మూసేయాలని ఇక్కడ ఎవరూ కోరడం లేదు. ఎఫ్‌సీఐ మూతపడినప్పుడు పొయ్యిలో పిల్లి లేవని ఇళ్లను ఈ ప్రాంతం చూసింది. గని నడవాలి, యంత్రం తిరగాలి, జీతం రావాలి. కాని జీతం తెచ్చిన చేత్తోనే దమ్ము మందు కొనవలసి వస్తే, ఆ జీతంలో ఎంత మిగిలినట్లు?

జరగవలసిన పనులు

ఇవి పెద్ద పనులేమీ కావు. ఒక్కొక్కటిగా చూస్తే జిల్లాలోనే జరిగిపోతాయి.

ఒకటి: సన్న దుమ్మును కొలిచే యంత్రాలు కాలనీల్లోనే కాక కుందనపల్లి వైపు బూడిద చెరువు కింది ఊళ్లలో, ఓపెన్ కాస్టు పక్క పల్లెల్లో, లారీలు తిరిగే చౌరస్తాల్లో ఏడాది పొడుగునా ఉండాలి. నిన్నటి కొలత ఈ రోజు పంచాయతీ గోడ మీది నల్లబల్లపై తెలుగులో రాయాలి. చిమ్నీ యంత్రాల కొలతలు కూడా అదే బల్ల మీద ఉండాలి. మార్కెట్ యార్డులో మిర్చి ధర రాసినట్లు గాలి ధర రాయడం కష్టం కాదు.

రెండు: ప్రభుత్వ, సింగరేణి, ఎన్టీపీసీ ఆస్పత్రులు, ఆరోగ్య కేంద్రాలు వారం వారం ఎంతమందికి దగ్గు, దమ్ము, గుండె నొప్పి వచ్చిందో ఒకే నమూనాలో రాసి ఒకే చోటికి పంపాలి. పల్లెల్లో జనం మొదట పోయేది ఆర్‌ఎంపీ దగ్గరికే. వారిని, ఆశ కార్యకర్తలను కూడా ఈ పనిలో కలుపుకోవాలి. రోగుల పేర్లు బయటికి రాకూడదు.

మూడు: బడి పిల్లల ఊపిరి బలం చూడాలి. గట్టిగా ఊదితే అంకె చూపే గొట్టం పెద్ద ఖరీదైనది కాదు. పొగ ఉన్న ఊళ్ల బళ్లలో కొన్ని వందల మందిని, పరిశ్రమలకు దూరంగా ఓదెల, కాల్వ శ్రీరాంపూర్ మండలాల వైపు బళ్లలో అంతే మందిని ఎంచుకుని, వానలు వెళ్లాక ఒకసారి, చలి వెళ్లాక ఒకసారి ఊదించాలి. ఇవే రైతు చెప్పే రెండు మళ్లు. పిల్లలు బీడీ తాగరు, గనిలోకి దిగరు. వారి ఊపిరి చెప్పేది దాదాపు గాలి మాటే.

నాలుగు: కాంట్రాక్టు కార్మికులు, లారీ డ్రైవర్లు, సఫాయి సిబ్బంది, నిర్వాసిత గ్రామాల వారికి గని కార్మికునిలాగే నిర్ణీత కాలానికోసారి ఛాతీ పరీక్ష జరగాలి. ఆ కాగితం నకలు వారి చేతికివ్వాలి.

ఐదు: ఈ పని చేయవలసింది పొగ వదిలేవారు కాదు, వారు నియమించిన సలహాదారులూ కాదు. రామగుండంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. సామాజిక వైద్య విభాగం ఉన్నది ఇటువంటి పనికే. డాక్టరు చదువుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది?

డబ్బుకు కొదవ లేదు. 2015 చట్టసవరణతో వచ్చిన జిల్లా ఖనిజ సంస్థ నిధి, తవ్వకాల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసమే ఉంది. దానిలో పెద్ద భాగం తాగునీరు, ఆరోగ్యం, కాలుష్య నివారణ వంటి వాటికే ఖర్చు చేయాలని నిబంధన. ఆ నిధితో సిమెంటు రోడ్లు వేసినట్లే, ఆ రోడ్ల మీద నడిచే మనిషి ఊపిరి లెక్క కూడా వేయవచ్చు.

అడగవలసిన సమయం ఇదే

కొత్త యంత్రాల ప్రతిపాదన వచ్చినప్పుడల్లా ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారు. షామియానా వేస్తారు. వచ్చినవారు ఉద్యోగాలు అడుగుతారు, రోడ్లు అడుగుతారు, గుడికి చందా అడుగుతారు. అడగవలసినవే. కాని ఆ మైకు ముందు నిలబడి ‘మా ఊరి ఊపిరి లెక్క ముందు చెప్పండి, కొత్త చిమ్నీ సంగతి తర్వాత మాట్లాడదాం’ అని అడిగే హక్కు ప్రతి పల్లె వాసికీ ఉంది. ఆ సభలో అన్న మాట రికార్డులోకి ఎక్కుతుంది. జవాబు ఇవ్వక తప్పదు.

అంతవరకు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర లేదు. ప్రతి ఊళ్లో చదువుకున్న యువకులు ఒక నోటుబుక్కు పెట్టి, బూడిద లేచిన రోజు తేదీ, గాలి వచ్చిన దిక్కు, ఆ వారం ఎన్ని ఇళ్లలో దమ్ము లేచిందో రాసిపెట్టవచ్చు. అది శాస్త్రం కాకపోవచ్చు. కాని రేపు శాస్త్రం తెలిసినవారు వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో అది చూపిస్తుంది.

నలభై ఏళ్లకు పైగా ఈ ప్రాంతం తన బొగ్గును తూచి ఇచ్చింది, కరెంటును యూనిట్ల లెక్కన ఇచ్చింది. టన్ను బొగ్గుకు, యూనిట్ కరెంటుకు పైసాతో సహా లెక్క ఉంది. వాటి కోసం పీల్చిన పొగకు మాత్రం లెక్క లేదంటే అది న్యాయం కాదు. జిల్లా కలెక్టరు, కాలుష్య నియంత్రణ మండలి, వైద్య కళాశాల, మూడు సంస్థల యాజమాన్యాలు ఒకసారి ఒకే గదిలో కూర్చుని తమ తమ రిజిస్టర్లు తెరిస్తే ఈ పని మొదలవుతుంది. తేలిన లెక్కను కార్యాలయంలో బీరువాకు ఎక్కించక, గ్రామసభలో అందరికీ వినిపించేలా చదవాలి. ఆ రోజు కోసం ఈ ప్రాంత ప్రజలు ఎదురు చూస్తున్నారు.